ఆదిలాబాద్, వయా ఉట్నూర్

ఆ ఆదివారం పొద్దున సాగర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తినడం, ముందు గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవడం, రామగుండం దగ్గరున్న పాత రన్‌వే మీంచి ఒక చిన్న విమానాన్ని లేపి, తిన్నగా తీసుకుపోయి ఆదిలాబాద్‌లో దించడం. విమానం కంప్యూటర్‌లోనిదే, ఆకాశమూ కంప్యూటర్‌లోనిదే. కూలిపోయినా ఎవరికీ గోరంత దెబ్బ తగలదు. అయినా కరీంనగర్‌లోని ఆ చిన్న ఇంట్లో ఆ విమానం మీద చాలా ఆధారపడి ఉంది.

సాగర్ విత్తనాల కంపెనీలో గోదాము చూసుకుంటాడు. సెలవు దొరికితే విమానాలు నడుపుతాడు. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి ఇంటర్నెట్‌లో ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో కొందరు పైలట్లు, కొందరు కంట్రోలర్లు. కంట్రోలర్ అంటే తన ఇంట్లో తాను హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని, తెర మీద చుక్కల్లా కదిలే విమానాలకు ఎటు తిరగాలో, ఎంత ఎత్తున పోవాలో చెప్పే మనిషి. ఈ ప్రాంతానికి ఆ మనిషి దెబోరా మేడం. మంచిర్యాలలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. పిల్లల్ని ప్రార్థనకు వరసలో నిలబెట్టిన గొంతే ఇప్పుడు విమానాలను వరసలో నిలబెడుతోంది.

ఆమె పెట్టే పరీక్ష నెగ్గితే సంఘంలో కెప్టెన్ హోదా వస్తుంది. సాగర్ రెండుసార్లు కూర్చున్నాడు, రెండుసార్లూ తప్పాడు. రెండోసారి మేడం ఒక ముక్క రాసి పంపారు: "మీరు చెప్పిన మాట బాగా వింటారు. అదే చిక్కు." చెప్పిన మాట వినడం చిక్కెలా అవుతుందో సాగర్‌కు ఎంత ఆలోచించినా బోధపడలేదు. ఈ ఆదివారంది మూడో ప్రయత్నం.

"గీసారి గూడ తప్పితే మాత్రం గా కంప్యూటర్ బల్ల నాది. నా కుట్టుమిషన్ పెట్టుకుంట," అని భార్య వినోద ముందురోజే చెప్పేసింది. సాగర్ సరేనన్నాడు. అతను ఎవరు ఏమడిగినా సరేననే అంటాడు. పక్కింటాయన బండి అడిగితే సరే, మేనేజరు బతుకమ్మ నాడు పనికి రమ్మంటే సరే. కాదు అనే మాట అతని గొంతు దాటి బయటికి వచ్చిన దాఖలా లేదు.

తెర మీద రామగుండం నుంచి ఆదిలాబాద్ దాకా ఊదారంగు గీత ఒకటి గీసుకుని, దాన్ని చూసి మురిసిపోతుండగా తల్లి పోశవ్వ చాయ గ్లాసుతో వచ్చింది.

"గిదేంది కొడుకా, గీడ శ్రీరాంపూర్ అని రాసున్నది?"

"ఊరే అవ్వా. తొవ్వల పడ్తది."

"తొవ్వల పడ్తే గట్ల పక్కపొంటి పోతవా? మా చెల్లె ఏమనుకుంటది?"

"అవ్వా, ఇది కంప్యూటర్ల విమానం. చిన్నవ్వకు ఎట్ల తెలుస్తది?"

"నేను చెప్పిన. నిన్ననే ఫోన్ల చెప్పిన. ఆళ్ళ ఇల్లు గూడ గిండ్ల కనవడ్తదన్నవ్ గదరా?"

అన్నమాట నిజమే. ఉపగ్రహం తీసిన ఫోటోలు అతికించిన నేల అది. పైనుంచి చూస్తే ఎవరి ఇల్లు వాళ్ళు గుర్తుపట్టవచ్చు. ఆ వైపు మనుషులకు ఒక పట్టింపు ఉంది. చుట్టాల ఊరు మీదుగా పోతూ వాళ్ళ గడప తొక్కకుండా పోతే, దాన్ని ఎవరూ మరుపు కింద జమకట్టరు. అది అవమానం. ఆ అవమానం ఎంతకాలం మండుతుందో తెలియాలంటే సాగర్ తండ్రి అంతయ్యను అడగాలి. సాగర్ పెళ్ళికి చెప్పిరావడానికి ఆదిలాబాద్ వైపు పోయినప్పుడు, పొద్దుగూకిందని డ్రైవర్ తొందరపెడితే, ఉట్నూర్‌లో సొంత అక్క శంకరవ్వ ఇంటి ముందు నుంచే జీపు ఆగకుండా వచ్చేసింది. శంకరవ్వ తమ్ముడి కోసం కోడిని కోసి, వండిపెట్టి, గుమ్మంలో నిలబడి ఉంది. జీపు వెనక దీపాలు చూసి లోపలికి పోయింది. పెళ్ళికి రాలేదు. ఆ తర్వాత తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు. అంతయ్య వెళ్ళి బతిమాలినా తలుపు తీయలేదు.

సాగర్ మారు మాట్లాడకుండా శ్రీరాంపూర్ మీద ఒక గుర్తు పెట్టాడు. విమానం దారిలో ఇలా పెట్టుకునే గుర్తులను వేపాయింట్లంటారు, బస్సు స్టేజీల్లాంటివి. ఒకటి దాటగానే విమానం తర్వాతిదాని వైపు ముక్కు తిప్పుకుంటుంది. గీతలో కొంచెం వంకర వచ్చింది, అంతే.

ఆ వంకరను వినోద చూసింది.

"మీ అవ్వ చెల్లె ఇల్లు తొవ్వల పడ్తది గని, మా అవ్వగారిల్లు పడదా?"

"భైంసా తొవ్వ కాదు వినోదా. అటు పడమటికి ఎక్కడ్నో ఉంటది."

"ఔ మల్ల. నా పెండ్లి నాటి నుంచి మావోళ్ళది తొవ్వ కానే కాదు. మా బాపు కొత్తగ స్లాబేసిండు, అల్లుడు పైనుంచి చూస్తడని ఆశపడ్తుండు. చెప్త తియ్, తొవ్వ కాదట అని."

సాగర్ భైంసా మీద ఒక గుర్తు పెట్టాడు. ఊదారంగు గీత పడమటికి సాగిపోయి, చిలక్కొయ్యలా వంగి వెనక్కు వచ్చింది. పోశవ్వ ఫోన్లో చెల్లెలికి చెప్పింది, వినోద పుట్టింటికి చెప్పింది, చుట్టాల వాట్సాప్ గ్రూపులో మాట పొక్కింది. కాసేపటికి అందులో ఒక సందేశం వచ్చింది. పంపింది ఉట్నూర్ శంకరవ్వ కోడలు మమతారాణి. వినోద దాన్ని పైకి చదివింది.

"మా అత్త అడుగుతుంది, విమానం ఉట్నూర్ మీదికెళ్ళి పోతుందా, గీసారి గూడ పక్కకెళ్ళి పోతుందా అని."

మూలన కుర్చీలో పేపరు చదువుతున్న అంతయ్య పేపరు దించాడు. అక్క ఇంటి నుంచి ఇన్నేళ్ళకు వచ్చిన మొదటి మాట అది. ఆయన గొంతు సవరించుకుని, "పోతదని చెప్పు బిడ్డా," అన్నాడు. తర్వాత కళ్ళద్దాలు తీసి, తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు.

సాగర్ ఉట్నూర్ మీద కూడా గుర్తు పెట్టాడు. ఈ హడావిడిలో అతను ఒక పని మరచిపోయాడు. విమానంలో పెట్రోలు తిన్నని గీతకు సరిపడా పోసింది పోసినట్టే ఉంది.

కొత్త దారి అందగానే దెబోరా మేడం గొంతు హెడ్‌ఫోన్‌లో వినిపించింది. పరీక్ష మొదలయ్యే ముందు ఆమె మామూలు తెలుగే మాట్లాడతారు. "ఏం సాగర్ గారూ, ఆదిలాబాద్‌కు భైంసా మీదికెళ్ళి పోతున్నరా?"

"అవును మేడం."

"మంచిది. నాకు చర్చికి టైమైతది. జర తొందరగ కానియ్యండి."

విమానం లేచింది. వినోద ఫోన్‌ను తెరకు ఎదురుగా పట్టుకుంది. అందులో మూడిళ్ళ మనుషులు మూడు గళ్ళలో కూర్చుని చూస్తున్నారు. గోదావరి దాటగానే నల్లటి బొగ్గు కుప్పలు, వాటి పక్కన క్వార్టర్లు కనిపించాయి.

"అగో, మా ట్యాంకీ!" అని శ్రీరాంపూర్ గడిలోంచి కనకవ్వ చిన్నవ్వ కేక వేసింది. "జర కిందికి దించు కొడుకా, మా వాకిలి కనవడ్తలేదు."

"చిన్నవ్వా, నాకు చెప్పిన ఎత్తుల్నే పోవాలె..."

"ఒక్కపారి, కొంచెమే."

సాగర్ కొంచెం దించాడు. వెంటనే హెడ్‌ఫోన్‌లో ఇంగ్లీషు ఉరిమింది. ఎత్తు ఎందుకు తగ్గిందో చెప్పమని మేడం అడుగుతున్నారు. సాగర్ క్షమాపణ చెప్పి పైకి లేపాడు. ఇంతలో కనకవ్వ మళ్ళీ అందుకుంది. "మా కోడలు బియ్యం కడిగి వచ్చేవర్కు అయిపోయె. మల్లోపారి తిరుగు బిడ్డా." సాగర్ మేడంను అడిగి ఒక చుట్టు తిరిగాడు. కోడలు వచ్చింది. ఈసారి ఫోన్ ఆగిపోయింది. ఇంకో చుట్టు తిరిగాడు.

"కారణం?" అని మేడం అడిగారు.

"పరిసరాల పరిశీలన మేడం," అన్నాడు సాగర్, నుదుటి చెమట తుడుచుకుంటూ.

భైంసాలో పని ఇంకా ముదిరింది. మామ రాయమల్లు తన కొత్త స్లాబు చూపించమన్నాడు. సాగర్ ఊరంతా గాలించాడు. మామ చెప్పిన చోట ముళ్ళకంప తప్ప ఏమీ లేదు.

"మామా, గీ ఫోటో పాతది. మీరు ఇల్లు కట్టకముందుదై ఉంటది."

"పాతదేంది? పోయిన నెలనే గృహప్రవేశం జేస్తిమి. నువ్వు గూడ వచ్చి పాయసం తింటివి గదా! సక్కగ సూడు."

అల్లుడు పాయసం తిన్నాడు కనుక ఇల్లు ఉండి తీరాలి. సాగర్ లేని ఇంటి కోసం ఊరి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చివరికి వినోదే కలగజేసుకుని, "గా పెద్ద బిల్డింగ్ మనదే బాపూ," అని ఏదో పత్తి మిల్లు కప్పును చూపించింది. రాయమల్లు తృప్తిపడ్డాడు. తన ఇల్లు ఇంత పెద్దదని ఆయనకు ఇంతవరకు తెలియదు.

అప్పుడు చూశాడు సాగర్ పెట్రోలు ముల్లును. ముల్లు నేల చూపులు చూస్తోంది. సరిగ్గా ఆ క్షణానే హెడ్‌ఫోన్‌లో మేడం గొంతు ఖంగుమంది. దారిలోని మిగతా గుర్తులు వదిలేసి తిన్నగా ఆదిలాబాద్ పొమ్మని ఆజ్ఞ. ఆమె వెనకాల చర్చి గంట మోగుతున్నట్టు కూడా వినిపించింది.

"డైరెక్ట్ ఆదిలాబాద్. రోజర్," అన్నాడు సాగర్. రోజర్ అంటే విన్నానని అర్థం, సాగర్‌కు మాత్రం చిత్తం అనే. ఆ మాట అతని నోట్లోంచి ఊపిరిలా వచ్చేస్తుంది. వేళ్ళు కూడా అలవాటుగా మీట నొక్కేశాయి. తెర మీద భైంసా నుంచి ఆదిలాబాద్‌కు గీత తిన్నగా సాగింది. ఉట్నూర్ గుర్తు మాయమైపోయింది.

"అబ్బ, బతికినం," అంది వినోద. "మేడంకు చర్చికి లేటైతుందేమో, దగ్గరి తొవ్వ చూపెట్టింది. పెట్రోలు సరిపోతది గదా?"

"తిన్నగ పోతే సరిపోతది," అన్నాడు సాగర్. పరీక్ష గట్టెక్కినట్టే అనిపించింది.

ఫోన్లో ఉట్నూర్ గడిలో అంతవరకు మమతారాణి ఒక్కతే కనబడుతోంది. ఆమె పక్కన ఎవరో ముసలావిడ కొంగు కదిలింది. కదిలి, లేచి, పక్కకు తప్పుకుంది. "అత్తా, జరసేపు కూసో," అని మమతారాణి అంటుండగానే ఆ గడిలో ఖాళీ మంచం మిగిలింది.

అంతయ్య కుర్చీలోంచి లేచాడు. కొడుకు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. కోప్పడలేదు. "గీసారి గూడనా బిడ్డా?" అన్నాడు.

సాగర్‌కు ఏడుపొచ్చింది. ఒకవైపు పరీక్ష, మూడోసారి తప్పితే బల్ల మీద కుట్టుమిషన్. మరోవైపు జీపు వెనక దీపాలు చూసి లోపలికి పోయిన మేనత్త, అప్పటి నుంచి ఆ మాట తలచుకుని అన్నం ముద్ద దిగని తండ్రి. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి అతనికి ఇద్దరికీ సరే అనడానికి వీలు లేని పరిస్థితి వచ్చింది. మైకు మీట నొక్కాడు.

"అనేబుల్," అన్నాడు.

పైలట్ల భాషలో అంటే చేయలేను అని. ఆ మాట పుస్తకంలో చదివాడు కానీ ఎప్పుడూ వాడలేదు.

"మళ్ళీ చెప్పండి," అన్నారు మేడం ఇంగ్లీషులో.

"అనేబుల్ మేడం. డైరెక్ట్ పోలేను. ఉట్నూర్ పోతున్న."

"కారణం చెప్పండి."

సాగర్‌కు ఇంగ్లీషు అయిపోయింది. "మా మేనత్త మేడం," అన్నాడు తెలుగులోనే. "ఇంటి మీదికెళ్ళి పోతనని మా బాపు మాటిచ్చిండు. పోకపోతే మా ఇంటోళ్ళతోని జన్మల మాట్లాడది. మీరు ఫేల్ జేసినా సరే, పోకుండ ఉండలేను."

మీట వదిలేసి, పోయిన గుర్తును మళ్ళీ పెట్టాడు. గీత తూర్పుకు తిరిగింది. విమానం ముక్కు కూడా తిరిగింది. ఉట్నూర్ గడిలో మమతారాణి పెద్దగా అరుస్తోంది. "అత్తా, మల్ల తిరిగింది! ఇటే వస్తుంది!"

ఇక పెట్రోలు సంగతి. ఉట్నూర్ దాకా వస్తుంది, అక్కడి నుంచి ఆదిలాబాద్ రాదు. ఒక్కసారి కాదనడం అలవాటయ్యాక నిజం చెప్పడం కూడా పెద్ద కష్టం కాలేదు. మేడంకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెట్రోలు తక్కువుంది, ఆదిలాబాద్ చేరలేను, దారిలోనే ఏదైనా చదునైన నేల చూసి దింపుకుంటాను అన్నాడు. మేడం గాలి ఎటు నుంచి వీస్తోందో మాత్రం చెప్పి ఊరుకున్నారు.

అడవి, గుట్టలు, మళ్ళీ అడవి. తర్వాత ఊరి కప్పులు కనిపించాయి. ఫోన్లో ఉట్నూర్ గడి నిండా ఇప్పుడు ఒకే ముఖం ఉంది. నెరిసిన జుట్టు, పెద్ద బొట్టు, బిగించిన పెదవులు. శంకరవ్వ తన ఇంటిని పైనుంచి చూస్తోంది. పెంకుల కప్పు, కొట్టం, వెనకాల పొడుగ్గా ఖాళీ చేను.

"అత్తా," అన్నాడు సాగర్, "పెట్రోలు అయిపోవచ్చింది. మీ చేన్ల దిగుత."

ఇన్నేళ్ళ మూగనోము ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత శంకరవ్వ నోరు తెరిచింది. "మా చేను గాక ఇంకెవలి చేన్ల దిగుతవు? దిగు అల్లుడా. మెల్లగ దిగు. గా మూలకు కరెంటు తీగలున్నయి, పైలం!"

విమానం తీగల మీదుగా తేలివచ్చి చేను మొదట్లో చక్రాలు ఆనించింది. ఎగిరింది, మళ్ళీ పడింది, గెంతుతూ గెంతుతూ పోయి కొట్టం ముందు ఆగింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆరిపోయింది. రెక్క విరగలేదు, చక్రం ఊడలేదు.

"దిగిండు!" అని పోశవ్వ చప్పట్లు కొట్టింది. వినోద ఫోన్ పట్టుకున్న సంగతి మరచి గంతేసింది. అంతయ్య ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని, "అక్కా," అని ఆపేశాడు.

"ఏం అక్క," అంది శంకరవ్వ కళ్ళొత్తుకుంటూ. "కొడుకుకు ఉన్న తెలివి తండ్రికి లేకపాయె. ఆడు మా ఇంట్ల దిగిండు. నువ్వెప్పుడు దిగుతవు?"

"రేపే వస్త అక్కా. రేపు పొద్దుగాలనే వస్త."

"కోడిని కోస్త. గీసారి తినకుంట పోతే మాత్రం చూడు."

ఇంట్లో ఈ పండుగ సాగుతుండగా హెడ్‌ఫోన్‌లో దెబోరా మేడం పిలిచారు. సాగర్ తీర్పు వినడానికి నిటారుగా కూర్చున్నాడు.

"సాగర్ గారూ, భైంసా నుంచి ఆదిలాబాద్‌కు నేను చెప్పిన తొవ్వల మీద గుట్టలున్నయి. గుట్టల మీద మబ్బు పెట్టిన. చూసిండ్రా?"

"లేదు మేడం," అన్నాడు సాగర్ నిజాయితీగా. "మేనత్తను చూసిన."

"నేను పెట్టే పరీక్షే అది. దగ్గరి తొవ్వ చూపెడ్త. తొవ్వ మంచిదా కాదా చూసుకోకుండ అందరు రోజర్ అంటరు, పోయి గుట్టకు కొట్టుకుంటరు. మీరు రెండుసార్లు కొట్టుకున్నరు. కంట్రోలర్ చెప్పినా సరే, పోలేనని చెప్పగలిగినోడే కెప్టెన్. మీరు మేనత్తకు కాదనలేక నాకు కాదన్నరు. మొత్తానికి కాదన్నరు."

"అంటే మేడం..."

"పెట్రోలు చూసుకోనందుకు మార్కులు కోసిన. అయిపోయినంక దాచిపెట్టకుండ చెప్పి, పొలంల చక్కగ దింపినందుకు అన్నీ వాపస్ ఇచ్చిన. పాసైండ్రు, కెప్టెన్ గారూ. ఇగ నన్ను చర్చికి పోనియ్యండి. ఆఁ, మీ అత్తమ్మ మాట్లాడిందా?"

"మాట్లాడింది మేడం!"

"దేవునికి స్తోత్రం," అని ఆమె హెడ్‌ఫోన్ తీసేశారు.

ఆ రోజు ఆ ఇంటి సంబరం అంతా ఇంతా కాదు. వినోద కుట్టుమిషన్ వంటగది కిటికీ దగ్గరే బాగుంటుందని తనంతట తాను తేల్చేసి, మా ఆయన కెప్టెన్ అయిండని గల్లీ మొత్తం చెప్పివచ్చింది. అంతయ్య రేపటి ప్రయాణానికి పోయిన ఏడు కొన్న కొత్త ధోవతి బయటికి తీశాడు. పక్కింటాయన బండి అడగడానికి వస్తే సాగర్ ఛాతీ విరుచుకుని, "ఇయ్యాల కాదన్నా," అన్నాడు. అని, తన గొంతు తానే విని ఆశ్చర్యపోయాడు. పక్కింటాయన ఇంకా ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

ఈ శుభవార్త చెప్పడానికి పోశవ్వ శ్రీరాంపూర్‌కు ఫోన్ చేసింది. చాలాసేపు మోగిన తర్వాత కనకవ్వ ఎత్తింది.

"విన్న అక్కా, అన్నీ విన్న," అంది చల్లగా. "మాట్లాడనోళ్ళ చేన్లనేమో దిగిండట. పొద్దుగాల లేస్తే ఫోన్ జేసే చిన్నవ్వ ఇంటి మీదికెళ్ళి మాత్రం మూడుసార్లు తిరిగి, దిగకుంటనే పాయె. మేము గరీబోళ్ళం గదా, మా ఇంట్ల ఎందుకు దిగుతరు? ఉంట మరి."

ఫోన్ ఠక్కున ఆగిపోయింది. కెప్టెన్ సాగర్ మళ్ళీ హెడ్‌ఫోన్ తగిలించుకుని, శ్రీరాంపూర్ బొగ్గు కుప్పల మధ్య విమానం ఆగేంత జాగా ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు.